కౌంటర్ దగ్గర ఆగిపోని బార్‌కోడ్: నంబరు నుంచి ప్రింటు దాకా

కొర్రల మిల్లింగ్ వీడియో పెట్టినప్పటి నుంచి ఎక్కువ మంది అడుగుతున్నది ఒకటే మాట. "అన్నా, బార్‌కోడ్ లేకుంటే షాపువాళ్లు సరుకు దించుకోవట్లేదు. ఎక్కడ చేయించాలి, ఎట్లా ప్రింట్ చేసుకోవాలి?" దీని మీద ఈ వారం వీడియో చేశాను. వీడియోలో ప్రింటరు, స్టిక్కర్లు కళ్లతో చూడొచ్చు. లెక్కలు, కొలతలు మాత్రం రాసి పెట్టుకుంటేనే పనికొస్తాయి. అందుకే ఈ వ్యాసం.

ముందుగా నేను చేసిన తప్పు చెప్తాను. మాది అనంతపురం జిల్లా. నేను, మా చుట్టుపక్కల ఇంకో పదిమంది రైతులం కలిసి కొర్రలు, అండుకొర్రలు, గానుగ శనక్కాయ నూనె ఒకే పేరు మీద అమ్ముతాం. మొదటిసారి టౌన్‌లో ఒక సూపర్ మార్కెట్ మా కొర్రలు తీసుకుంటానంది. సంతోషంతో 2,000 పౌచ్‌లు ప్రింట్ చేయించాం. మన ఎర్రనేల గుర్తుకు రావాలని డిజైన్ అంతా ఇటుక రంగులో వేయించాను. బార్‌కోడ్ గీతలు కూడా అదే రంగు, తెల్ల గడిలో చక్కగా ఉన్నాయి. ఫోన్‌తో స్కాన్ చేస్తే నంబరు వచ్చింది. ఇంకేం, అయిపోయిందనుకున్నాను.

షాపులో మాత్రం ఆ పౌచ్ మీద స్కానర్ ఎంత తిప్పినా పలకలేదు. కౌంటర్‌లో పిల్లవాడు మంచివాడు కాబట్టి కొన్ని రోజులు 13 అంకెలూ చేత్తో కొట్టాడు. ఆదివారం సాయంత్రం రద్దీలో ఎంతసేపు కొడతాడు? ప్యాకెట్ పక్కన పెట్టి "ఇది ఇప్పుడు లేదు మేడం" అనడం మొదలుపెట్టాడు. పది రోజులకు మేనేజరు ఫోన్ చేశాడు. "సరుకు బాగుంది బ్రదర్, బిల్లింగ్‌లోనే పడటం లేదు. వచ్చి తీసుకుపోండి." మూడు పెట్టెలు ఆటోలో వెనక్కి తెచ్చుకున్నాం. మా నాయన పెట్టెలు దించుతూ "గింజలో తప్పుందంటే ఒప్పుకుంటాను, గీతల్లో తప్పేంరా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు నాకప్పుడు తెలియదు. అగ్రికల్చర్ డిప్లొమాలో మట్టి పరీక్ష నేర్పారు గానీ బార్‌కోడ్ పరీక్ష నేర్పలేదు కదా.

ఆ తర్వాత నేర్చుకున్నదంతా రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకటి, నంబరు మనదై ఉండాలి. రెండు, ఆ నంబరు ఆఖరి కౌంటర్ దగ్గర కూడా మొదటి ప్రయత్నంలోనే చదవబడాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా పొలంలో పడ్డ కష్టం షాపు గడప దగ్గరే ఆగిపోతుంది.

నంబరు ఎవరిది?

మనం సబ్బు, బిస్కెట్ ప్యాకెట్ల మీద చూసేది ఈఏఎన్-13 అనే కోడ్. 13 అంకెలు ఉంటాయి. మన దేశంలో ఈ నంబర్లు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియా. అక్కడ రిజిస్టర్ చేసుకుంటే మన సంస్థకంటూ 890తో మొదలయ్యే ఒక ముందు భాగం ఇస్తారు. దాని తర్వాత వచ్చే అంకెలు మన ఒక్కో ఉత్పత్తికీ. చివరి అంకె సరిచూసుకునే అంకె. ఫీజు మన టర్నోవరును బట్టి, ఎన్ని కోడ్‌లు కావాలన్నదాన్ని బట్టి మారుతుంది. రెన్యువల్ కూడా ఉంటుంది. ఒంటరి రైతుకు ఇది బరువే. నలుగురు రైతులు కలిసి సంఘంగానో ఎఫ్‌పీఓగానో ఒకే బ్రాండ్ పేరు మీద అమ్మితే ఒక్క రిజిస్ట్రేషన్‌తో అందరి సరుకూ వెళ్తుంది. నంబరు ఎప్పుడూ బ్రాండ్ యజమానిదే. మిల్లువాళ్లదీ కాదు, ప్యాకింగ్ చేసినవాళ్లదీ కాదు.

ఆన్‌లైన్‌లో వందకీ రెండొందలకీ "బార్‌కోడ్ నంబర్లు అమ్మబడును" అనే ప్రకటనలు చూసి మోసపోకండి. ఆ నంబరు వేరే ఎవరికో ఇచ్చినది అయివుండొచ్చు. షాపులో మన కొర్రలు స్కాన్ చేస్తే తెర మీద ఇంకెవరిదో షాంపూ పేరు రావచ్చు. పెద్ద షాపులు, ఆన్‌లైన్ అమ్మకాల వేదికలు నంబరు ఎవరి పేరున ఉందో సరిచూసుకుంటాయి. మనం కూడా చూసుకోవచ్చు. 'వెరిఫైడ్ బై జీఎస్1' అనే వెబ్ పేజీలో నంబరు కొడితే ఆ నంబరు ఏ సంస్థకు ఇచ్చారో చూపిస్తుంది. చేతిలో ఉన్న నంబర్లన్నీ ఈరోజే ఒకసారి అక్కడ చూసుకోండి.

మరి షాపులకు వేయకుండా మన సొంత స్టాల్‌లోనే అమ్ముకునేవాళ్ల సంగతేంటి? వాళ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 20 నుంచి 29 లోపు అంకెలతో మొదలయ్యే నంబర్లను సొంత దుకాణం లోపల వాడుకోవడానికే వదిలేశారు. మీ బిల్లింగ్ కంప్యూటర్‌లో అలాంటి నంబర్లు మీరే పెట్టుకోవచ్చు. అయితే అదే ప్యాకెట్ బయటి షాపుకు పంపకూడదు. అక్కడ అదే నంబరు ఇంకో దేనికో వాడుతుండొచ్చు.

ఒక్కో రకానికి ఒక్కో నంబరు

అర కిలో కొర్రలకు ఒక నంబరు, కిలో కొర్రలకు వేరే నంబరు. పాలిష్ పట్టని కొర్రబియ్యానికి, కొర్ర రవ్వకు వేర్వేరు నంబర్లు. బరువు మారినా, రకం మారినా కొత్త నంబరే. పంట మారిందనో, బ్యాచ్ మారిందనో, ధర మారిందనో నంబరు మార్చక్కర్లేదు.

ఎందుకంటే బార్‌కోడ్‌లో ధర ఉండదు, తేదీ ఉండదు, బ్యాచ్ ఉండదు. ఉండేది ఆ నంబరు ఒక్కటే. షాపు కంప్యూటర్ ఆ నంబరు పట్టుకుని తన జాబితాలో పేరు, ధర వెతుక్కుంటుంది. అందుకే సరుకుతో పాటు మన నంబర్ల పట్టిక కూడా షాపుకు పంపాలి. ఆ పట్టిక ఎక్సెల్‌లో చేసేటప్పుడు జాగ్రత్త. 13 అంకెలు కొడితే ఎక్సెల్ దాన్ని 8.90E+12 లాగా కుదించి చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీ ఫైల్‌గా సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి. నంబర్లు కొట్టకముందే ఆ కాలమ్‌ను 'టెక్స్ట్'గా మార్చుకోండి.

బార్‌కోడ్ ఉన్నంత మాత్రాన సరుకు సేంద్రియం అని రుజువు కాదు. 890 ఉన్నంత మాత్రాన ఇక్కడే పండిందనీ కాదు. నంబరు ఏ దేశపు సంస్థ దగ్గర తీసుకున్నారన్నదే అది చెప్తుంది. పీజీఎస్ ఇండియా సర్టిఫికెట్, జైవిక్ భారత్ లోగో, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, వీటి దారి వేరు. కొనేవాళ్లు అడిగితే ఈ తేడా నిజాయితీగా చెప్పండి.

చివరి అంకె లెక్క

ఇది కాగితం మీద చేసుకోగలిగిన లెక్కే. నమూనా కోసం 890123456789 అనే 12 అంకెలు తీసుకుందాం. ఎడమ నుంచి 1, 3, 5, 7, 9, 11 స్థానాల్లో ఉన్నవి కూడండి: 8+0+2+4+6+8 = 28. మిగిలిన స్థానాల్లో ఉన్నవి కూడండి: 9+1+3+5+7+9 = 34. రెండో మొత్తాన్ని 3తో గుణిస్తే 102. రెండూ కలిపితే 130. దాని పైన పదితో నిండుగా పోయే సంఖ్యకు ఎంత తక్కువైతే అదే చివరి అంకె. 130 ఇప్పటికే నిండు సంఖ్య కాబట్టి చివరి అంకె 0. మొత్తం 127 వచ్చి ఉంటే చివరి అంకె 3 అయ్యేది. చేత్తో కొట్టేటప్పుడు ఒక్క అంకె తప్పినా ఈ లెక్క కుదరదు, స్కానర్ ఒప్పుకోదు. సాఫ్ట్‌వేర్ ఈ అంకెను తానే వేస్తుంది. అయినా ప్రింట్‌కు పంపేముందు ఒక్కసారి మీరే కూడి చూడండి.

గీతల్లో తప్పేంటి?

మా నాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

ఈ గీతల ఆలోచన పుట్టింది ఇసుకలోనే. అమెరికాలో జోసెఫ్ వుడ్‌ల్యాండ్ అనే ఆయన మయామీ బీచ్‌లో కూర్చుని, తనకు తెలిసిన మోర్స్ కోడ్ చుక్కల్ని, గీతల్ని వేళ్లతో ఇసుకలో కిందికి లాగాడట. సన్నగీత, లావుగీత వచ్చాయి. ఆయనకు, బెర్నార్డ్ సిల్వర్‌కు కలిపి 1952లో పేటెంట్ వచ్చింది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను మొదటిసారి దుకాణంలో స్కాన్ చేశారు.

ఇప్పటికీ స్కానర్ చేసేది గీతల వెడల్పు కొలవడమే. ఒక్కో అంకెకు రెండు నల్ల గీతలు, రెండు తెల్ల ఖాళీలు ఉంటాయి. అంటే నలుపు ఎంత ముఖ్యమో మధ్యలో తెలుపూ అంతే ముఖ్యం. షాపు స్కానర్లలో చాలావరకు ఎర్రటి కాంతి వేస్తాయి. చిన్నప్పుడు ఎర్ర గాజు కాగితం కంటికి అడ్డం పెట్టుకుని ఎర్ర ఇంకుతో రాసింది చూస్తే రాత మాయమయ్యేది, గుర్తుందా? అదే సంగతి. నా ఇటుక రంగు గీతలు ఆ ఎర్ర వెలుగులో తెల్లగా కనిపించాయి. స్కానర్‌కు అక్కడ గీతలే లేవు. ఫోన్ కెమెరా మామూలు వెలుగులో బొమ్మ తీస్తుంది కాబట్టి దానికి కనిపించాయి. "ఫోన్‌లో వచ్చింది కదా" అన్న ధీమా నన్ను ముంచింది.

కాబట్టి రంగులు ఇలా గుర్తుపెట్టుకోండి. గీతలకు నలుపు అన్నిటికంటే మేలు. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ పర్లేదు. ఎరుపు, నారింజ, పసుపు, బంగారు రంగు గీతలు వద్దే వద్దు. వెనక రంగు తెలుపు మంచిది, పసుపు కూడా పని చేస్తుంది. క్రాఫ్ట్ పేపర్ పౌచ్ మీద నేరుగా నల్లగీతలు వేస్తే తేడా తగ్గిపోతుంది. అడుగున తెల్ల గడి వేయించండి. గింజ కనిపించే పారదర్శక కవరు మీదా, మెరిసే వెండి రంగు పౌచ్ మీదా ఇంతే, ముందు దట్టమైన తెల్ల పూత పడాలి.

కొలతలు

ఈఏఎన్-13 నిండు కొలత, పక్క ఖాళీలతో కలిపి, 37.29 మి.మీ. వెడల్పు, 25.93 మి.మీ. ఎత్తు. 80 శాతం దాకా తగ్గించొచ్చు, 200 శాతం దాకా పెంచొచ్చు. 80 శాతం అంటే సుమారు 30 మి.మీ. వెడల్పు, 21 మి.మీ. ఎత్తు. అంతకంటే చిన్నది చేయొద్దు. డిజైనర్లు చోటు చాలక ఎత్తు కోసేస్తుంటారు. ఎత్తు తగ్గేకొద్దీ ప్యాకెట్‌ను సరిగ్గా ఒకే వాటంలో పట్టుకుంటేగానీ స్కానర్ చదవదు.

గీతలకు అటూ ఇటూ వదిలే తెల్ల ఖాళీ చాలా ముఖ్యం. నిండు కొలతలో ఎడమ వైపు 3.63 మి.మీ., కుడి వైపు 2.31 మి.మీ. ఉండాలి. పొలానికి గట్టు ఎట్లాగో ఇదీ అట్లాగే. కోడ్ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో స్కానర్‌కు తెలిసేది దీనివల్లే. అక్కడ ఆకు బొమ్మ, అంచు గీత, అక్షరం ఏదీ రాకూడదు. పౌచ్ అంచు నుంచి కనీసం 8 మి.మీ. లోపలికి ఉండాలి. సీలు మీద, మడత మీద, అతుకు మీద పడకూడదు.

నూనె బాటిల్‌కు ఇంకో చిట్కా. గుండ్రటి బాటిల్ మీద గీతలు నిలువుగా వేస్తే చివరి గీతలు వంపు వెనక్కి పోతాయి. బాటిల్ నిలబెట్టినప్పుడు గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు కోడ్‌ను తిప్పి వేయండి. అప్పుడు ప్రతి గీతలో కొంత భాగమైనా స్కానర్‌కు ఎదురుగా ఉంటుంది.

సొంతంగా ప్రింట్ చేసుకునేవాళ్లకు

పౌచ్‌లు వెనక్కి వచ్చాక మేం ఒక లేబుల్ ప్రింటర్ కొన్నాం. ఇటుక రంగు గీతల మీద తెల్ల స్టిక్కర్ అంటించి మిగిలిన పౌచ్‌లు కాపాడుకున్నాం. పాత కోడ్ పూర్తిగా కప్పాలి. ఒక ప్యాకెట్ మీద రెండు కోడ్‌లు కనిపించకూడదు.

ఈ ప్రింటర్లలో రెండు రకాలు. డైరెక్ట్ థర్మల్ అంటే రిబ్బన్ ఉండదు, వేడికి కాగితమే నల్లబడుతుంది, బస్సు టికెట్ లాగా. ఖర్చు తక్కువే గానీ ఎండ, వేడి, నూనె తగిలితే పాలిపోతుంది. మా నూనె బాటిళ్ల మీద ఈ స్టిక్కర్లే వేసి మే నెలలో రెండోసారి దెబ్బతిన్నాం. థర్మల్ ట్రాన్స్‌ఫర్ అంటే రిబ్బన్ మీది సిరా వేడికి లేబుల్‌కు అంటుకుంటుంది. ప్యాకెట్ నెలల తరబడి అరలో ఉండాలంటే ఇదే తీసుకోండి. పొడి గింజల పౌచ్‌పై కాగితపు లేబుల్‌కు వ్యాక్స్ రిబ్బన్ చాలు. నూనె, నెయ్యి, పచ్చళ్లకు ప్లాస్టిక్ లేబుల్, రెజిన్ రిబ్బన్ వాడండి. నూనె చేత్తో రుద్దినా అంత తొందరగా చెరగదు.

ఇప్పుడు చాలామంది తప్పు చేసే చోటు. లేబుల్ ప్రింటర్ చుక్కలతో గీతలు వేస్తుంది. 203 డీపీఐ ప్రింటర్‌లో మిల్లీమీటరుకు 8 చుక్కలు. అన్నిటికంటే సన్న గీత సరిగ్గా 2 చుక్కలో 3 చుక్కలో ఉండాలి, రెండున్నర చుక్కలు ఉండదు. 2 చుక్కలంటే 0.25 మి.మీ., అది 80 శాతం కొలతకు కావాల్సిన 0.264 కంటే తక్కువ. అందుకే 3 చుక్కలు పెట్టుకోండి. ఖాళీలతో కలిపి కోడ్ సుమారు 42 మి.మీ. వెడల్పు వస్తుంది. 50 మి.మీ. లేబుల్ మీద హాయిగా పడుతుంది. 300 డీపీఐ ప్రింటర్ అయితే 4 చుక్కలు పెట్టుకోండి, సుమారు 38 మి.మీ. వస్తుంది.

బార్‌కోడ్ బొమ్మను మౌస్‌తో మూల పట్టుకుని లాగి 35 మి.మీ.కు సరిపెట్టారనుకోండి. కొన్ని సన్న గీతలు 2 చుక్కలు, కొన్ని 3 చుక్కలు అవుతాయి. కంటికి బాగానే ఉంటుంది, స్కానర్‌కు లెక్క తప్పుతుంది. అందుకే ప్రింటర్‌తో వచ్చే లేబుల్ సాఫ్ట్‌వేర్‌లోనే నంబరు కొట్టి కోడ్ తయారు చేయండి. వాట్సాప్‌లో వచ్చిన జేపెగ్ బొమ్మ అతికించకండి. పౌచ్ డిజైన్ కోసమైతే ఇంక్‌స్కేప్, జింట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేసి ఎస్‌వీజీ ఫైల్‌గా ఇవ్వండి. పౌచ్ ప్రింటర్‌వాళ్లు ఫ్లెక్సో మీద వేస్తుంటే సిరా కాస్త పక్కకు పరుచుకుని తెల్ల ఖాళీలు పూడుకుపోతాయి. "బార్ విడ్త్ రిడక్షన్ ఎంత ఇస్తున్నారు?" అని అడగండి. ఆ మాట అర్థమైన ప్రింటర్ దగ్గరే వేయించండి. నిండు కొలతకు తగ్గించొద్దని కూడా చెప్పండి.

స్టిక్కర్ల మీద ఒకే చోట సన్నటి తెల్ల చార వరసగా వస్తుంటే ప్రింట్ హెడ్‌కు దుమ్ము పట్టినట్టు. ప్రింటర్ ఆపి, చల్లారాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడవండి. అప్పటికీ పోకపోతే హెడ్ దెబ్బతిన్నట్టే. వేడి మరీ ఎక్కువ పెట్టినా గీతలు లావై ఖాళీలు పూడతాయి. పదును తగ్గిందనిపిస్తే ముందు వేడి, వేగం రెండూ తగ్గించి చూడండి.

పరీక్ష చేయకుండా పంపొద్దు

విత్తనం కొన్నాక మొలక శాతం చూడకుండా చల్లుతామా? ఇదీ అంతే. మేం ఇప్పుడు చేసే పరీక్ష ఇది.

1. రోల్ మొదట్లో, మధ్యలో, చివర్లో నుంచి మొత్తం 10 లేబుళ్లు తీస్తాం. అసలు ప్యాకెట్ మీద, లోపల గింజ నింపాకే అంటిస్తాం. ఖాళీ కవరు మీద చదివింది నిండు కవరు ముడతల్లో చదవకపోవచ్చు.
2. యూఎస్‌బీ స్కానర్ కంప్యూటర్‌కు కీబోర్డ్ లాగే పని చేస్తుంది. నోట్‌ప్యాడ్ తెరిచి స్కాన్ చేస్తే అంకెలు వాటంతటవే పడతాయి. ఒక్కో లేబుల్ 10 సార్లు. తెర మీది అంకెలు, గీతల కింద అంకెలు ఒకటేనా అని ఒకరు చదివితే ఇంకొకరు చూస్తారు.
3. ఒక లేబుల్‌ను నూనె వేలితో రుద్దుతాం. ఒకటి వారం రోజులు ఎండ తగిలే కిటికీలో పెడతాం. తర్వాత మళ్లీ స్కాన్ చేస్తాం.
4. ఆఖరున రెండు ప్యాకెట్లు తీసుకుని తెలిసిన షాపుకు వెళ్లి వాళ్ల స్కానర్ మీదే చూస్తాం. మొదటి ప్రయత్నంలో పలకకపోతే ఆ లాటు ఆపేస్తాం.

పెద్ద ఎత్తున పౌచ్‌లు వేయించేవాళ్లు వెరిఫయర్ యంత్రం మీద గ్రేడ్ రిపోర్టు అడగండి. ఐఎస్ఓ/ఐఈసీ 15416 ప్రకారం ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు ఇస్తారు. దుకాణాల్లో అమ్మే సరుకుకు కనీసం సీ రావాలి. మనం మాత్రం బీకి తగ్గొద్దని అడుగుదాం. ప్రింటింగ్ రోజు వచ్చిన గ్రేడ్ రవాణాలో, అరలో కొంత తగ్గుతుంది.

పొలం దాకా తీసుకెళ్లే క్యూఆర్

మన కథ చెప్పుకోవడానికి బార్‌కోడ్ పక్కన కాస్త దూరంగా క్యూఆర్ కోడ్ పెట్టుకోవచ్చు. దాంట్లో పొలం వీడియో లింకు ఇవ్వొచ్చు. అయితే "ఉచిత డైనమిక్ క్యూఆర్" అనే సైట్లతో జాగ్రత్త. ట్రయల్ గడువు అయిపోయాక లింకు ఆపేసేవి ఉన్నాయి. అప్పటికి ప్యాకెట్లు ఊళ్లన్నీ తిరుగుతుంటాయి. మీ సొంత వెబ్ అడ్రస్‌తో స్టాటిక్ క్యూఆర్ చేసుకుంటే దానికి గడువు ఉండదు. ఆ అడ్రస్‌లో వీడియో ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బ్యాచ్ నంబరు మాత్రం అక్షరాల్లోనే విడిగా ప్రింట్ చేయండి. మా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. బ్యాచ్ నంబరు ఎదురుగా ఏ రైతు పొలం, ఎప్పుడు కోత, ఎప్పుడు మిల్లు అని రాసుంటుంది. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే నిమిషంలో చెప్తాం.

ఆ సూపర్ మార్కెట్‌కు మళ్లీ వెళ్లినప్పుడు నేను మొదట మేనేజర్ దగ్గరకు పోలేదు. కౌంటర్ పిల్లవాడి దగ్గరకు పోయి "తమ్ముడూ, ఒకసారి కొట్టి చూడు" అన్నాను. మొదటిసారికే బీప్ వచ్చింది. "ఇప్పుడు ఓకే అన్నా" అన్నాడు. ఆ సాయంత్రం మా నాయనకు గాజు కాగితం సంగతి చెప్పి ఎర్ర గీతలు చూపించాను. "అయితే తప్పు గీతల్ది కాదు, పరీక్ష చేయని నీదే" అన్నాడు. నిజమే.

మీ ప్యాకెట్ మీద కోడ్ ఉంటే ఈ వారమే ఏదైనా షాపు స్కానర్ మీద పెట్టి చూడండి. చదవకపోతే ప్యాకెట్ ఫోటో, కోడ్ వెడల్పు, ఏ ప్రింటరు వాడారో రాసి వీడియో కింద పెట్టండి. నాకు తెలిసినంత చెప్తాను. మళ్లీ కలుద్దాం, సెలవు.